దోబ్రిన్ పేజీకి నల్ల అంచు

మా దోబ్రిన్ కంచెవ్ చనిపోయిన మర్నాడు పొద్దున్నే లేచి, నున్నగా గడ్డం గీసుకుని, తన చావు గురించి జనం ఏమంటున్నారో కంప్యూటర్లో చదువుకుంటూ రెండు కప్పుల కాఫీ తాగాడు.

సరే, చనిపోలేదు. నన్ను అలా చూడకండి. నేను సన్యాసినుల బడిలో చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడితే కొలబద్ద ఏ వేలి మీద పడుతుందో ఏడేళ్లప్పుడే తెలిసినవాణ్ణి. వాడు చనిపోయాడని నది పొడుగునా అనుకున్నారు. అదీ పూర్తిగా నిజం కాదు. వియన్నా నుంచి నల్లసముద్రం దాకా ఉన్న ముసలి నావికుల్లో కొందరు అనుకున్నారు. మా ఊళ్లో సవ్కా అనుకుంది. సవ్కా అనుకుంటే ఊరు అనుకున్నట్టే. కాఫీ సంగతి మాత్రం నిజం, కాచింది నేనే.

దోబ్రిన్ మా రేవులో ధాన్యం లారీల కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. రేవు మూతపడ్డాక కాటా తుప్పు పట్టింది, వాడు పట్టలేదు. ఎందుకంటే వాడికి ఓడల పిచ్చి ఉంది. పెద్ద సముద్రపు ఓడలు కాదు. మా బల్గేరియాకీ రొమేనియాకీ మధ్య పారే దునావ్ నది మీద బార్జిలను ముందు పెట్టుకుని, పొగ కక్కుతూ, ఎద్దుల్లా తోసుకుపోయే ఓడలు. వాటిలో ఏది కనబడినా బాల్కనీలోంచి ఫొటో తీసేవాడు. ఓడ పేరు, ఏ దేశం జెండా, ఏం మోస్తోంది, ఎటు పోతోంది, అన్నీ రాసి ఒక వెబ్‌సైటులో పెట్టేవాడు. దాని పేరు ‘దునావ్ ఓడలు’. దాని మీద వాడికి ఒక్క పైసా, మా లెక్కలో ఒక్క స్తోతింకా కూడా వచ్చేది కాదు.

వాడి భార్య మింకా బతికున్నప్పుడు నాతో అనేది: “చూశావా రాఫో అన్నయ్యా! ఈ ఇంట్లో నా ఫొటో ఒక్కటుంది, అదీ పెళ్లినాటిది. ఆ సెర్బియావాళ్ల ఇసుక బార్జికి మాత్రం వేసవి ఫొటోలు వేరే, చలికాలం ఫొటోలు వేరే!”

“నువ్వు కదలకుండా ఇంట్లోనే ఉంటావు కదే. అది వెళ్లిపోతుంది,” అనేవాడు దోబ్రిన్.

చివరికి మింకానే వెళ్లిపోయింది. ఆ చలికాలమే వెబ్‌సైటుకు అవతలి ఒడ్డు నుంచి ఒక సందేశం వచ్చింది. రాసింది రోడికా అనే రొమేనియా ఆవిడ. ఎదురుగా ఉన్న ఊళ్లో నది నీటిమట్టం కొలిచే ఆఫీసులో పనిచేసి రిటైరైంది. వాళ్ల అమ్మమ్మది మా వైపు ఊరు. అందుకని వంటింట్లో నేర్చుకున్న బల్గేరియన్‌లో రాసింది: “అయ్యా, మీ ఓడలకు ఒక చెంపే ఉంది. రెండో చెంప నాకు కనిపిస్తోంది. కావాలా?” కింద ఒక ఫొటో. ఆ ముందురోజు దోబ్రిన్ తీసిన ఓడే, అదే పొగ, అదే ఎండ, కాకపోతే అవతలి వైపు నుంచి.

దిగువకు పోయే ఓడ కుడి చెంప మాకు చూపిస్తుంది, ఎడమ చెంప రొమేనియాకు చూపిస్తుంది. ఎగువకు పోయేటప్పుడు తారుమారు. ఇది మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు, కానీ రెండు చెంపలూ ఒక చోట చేర్చాలని ఎవరికీ తోచలేదు. దోబ్రిన్ ఆ రోజు నుంచి ప్రతి ఓడకూ రెండు చట్రాలు పక్కపక్కన పెట్టాడు. ఎడమ చట్రంలో తన ఫొటో, కుడి చట్రంలో ఆవిడది. ఏళ్ల తరబడి అలా నడిచింది. ఆవిడ సందేశంలో ఏదైనా అడిగితే వీడు పేజీ మీదే, ఓడ ఫొటో కింద, జవాబు రాసేవాడు. ఇద్దరి మధ్యా కిలోమీటరు నీళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“ఫెర్రీ ఎక్కి ఒకసారి వెళ్లి రారాదురా?” అన్నాను.

“వెళ్లి ఏమని చెప్పుకోను? ఓడ రెండో చెంప నేనే అనా?”

ఇంతలో ఒక వసంతకాలం ఆవిడ ఫొటోలు ఆగిపోయాయి. సందేశాలూ ఆగిపోయాయి. దోబ్రిన్ పేజీ మీద రాశాడు: “రోడికా గారూ, ఒంట్లో బాగుందా?” జవాబు లేదు. కొన్నాళ్లకు మళ్లీ రాశాడు: “రోడికా గారూ, మంచు కరిగింది, ఓడలు వస్తున్నాయి.” దానికీ లేదు. ఇక రాయలేదు. మా వాళ్లకు అదొక జబ్బు. రెండుసార్లు తలుపు తట్టి తియ్యకపోతే, ఇంటివాళ్లకు మనం అక్కర్లేదని నిశ్చయించేసుకుని, దారిపొడుగునా వాళ్లను వెనకేసుకొస్తూ ఇంటికొచ్చేస్తాం.

రెండేళ్లు గడిచాయి. పేజీలో కుడి చట్రాలన్నీ ఖాళీ. మిగతా జనం కూడా తగ్గిపోయారు. ఇంటర్నెట్లోనే కొత్త కొత్త చోట్లకు పోయారు. అక్కడ బొటనవేలు పైకెత్తి చూపిస్తే చాలట, మాట రాయక్కర్లేదట.

“పేజీ పాతబడిపోయింది రాఫో,” అన్నాడొక రోజు. “పెచ్చులూడిన ఇంటికి ఎవరొస్తారు? సున్నం కొట్టాలి.”

నిజానికి ఆ పేజీ మొదటినుంచీ అంతే. వెనకాల నది ఫొటో, నీలంగా. దాని మీద లేత నీలం అక్షరాలు. నేనైతే ఎప్పుడూ చదవలేదు, బొమ్మలు చూసి బాగుందనేవాణ్ణి.

ఆ చలికాలమంతా కూర్చుని పేజీకి కొత్త రూపం తయారుచేశాడు. నన్ను దగ్గరకు రానివ్వలేదు. “పూర్తయ్యాక అందరితో పాటు చూద్దువు,” అన్నాడు. ఎవరికోసం ఇదంతా అని అడగలేదు. అడిగితే ఓడలకోసం అనేవాడు. ఇద్దరం అబద్ధాలకోర్లమే, నేను పైకి ఆడతాను, వాడు లోపల ఆడుకుంటాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పేజీ బయటపెట్టాడు. నది ఫొటో తీసేశాడు. తెల్లటి కాగితంలాంటి పేజీ. చుట్టూ దళసరి నల్ల అంచు. పైన నడిమధ్యన వాడి ఫొటో, రేవు టోపీ పెట్టుకుని, నవ్వకుండా. దాని కింద పెద్ద నల్ల అక్షరాల్లో ‘దోబ్రిన్ కంచెవ్’. దాని కింద ‘1999 – 2014’. దాని కింద ‘పదిహేనేళ్లు దునావ్ ఓడలతో’. ఆ కిందెక్కడో ఓడలు, ఇప్పుడు ఒక్కో ఓడకు ఒకటే చట్రం. అట్టడుగున, వేలు నొప్పెట్టేదాకా కిందికి జరిపితే, ఒక లైను: ‘పేజీ కొత్త రూపం ఎలా ఉందో దయచేసి చెప్పండి.’ పక్కనే సందేశం రాసే పెట్టె.

మా దేశంలో ఎవరు పోయినా ఏం చేస్తామో మీకు చెప్పాలి. నల్ల అంచు కాగితం మీద ఫొటో, పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం అచ్చువేయించి ఇంటి తలుపుకి, బస్‌స్టాపుకి, కరెంటు స్తంభాలకి అంటిస్తాం. నలభయ్యో రోజుకి మళ్లీ ఒకటి, ఏడాదికి ఒకటి, పదిహేనేళ్లకు కూడా ఒకటి. వానకి తడిసి, ఎండకి పాలిపోయి, ఆ మొహాలు మనల్ని చూస్తూనే ఉంటాయి. దోబ్రిన్ గేటుకి మింకా కాగితం ఉంది. ఏటా కొత్తది వేస్తాడు. అచ్చు దుకాణానికి ఇవ్వడు, తనే కంప్యూటర్లో కూర్చుని, అంచు ఎంత దళసరి, ఫొటో పైనుంచి ఎంత కిందికి, పేరు ఎంత పెద్దగా అని కొలిచి చేస్తాడు. అన్నేళ్లలో వాడు శ్రద్ధగా దిద్దిన పేజీ అదొక్కటే. అందంగా ఏదైనా చెయ్యాలని కూర్చుంటే వాడి చెయ్యి ఆ కొలతలకే పోయింది. వాడి కంటికి అది పద్ధతిగా, శుభ్రంగా కనిపించింది, అంతే.

మర్నాడు పొద్దున మేం వంటింట్లో తవ్లా ఆట బల్ల పరిచి పాచికలు వేసుకుంటుండగా గేటు చప్పుడైంది. దోబ్రిన్ వెళ్లి తీశాడు. ఎదురుగా పక్కవీధి సవ్కా, నల్ల శాలువా, ఒక చేతిలో నాలుగు కార్నేషన్ పూలు, రెండో చేతిలో పోయినవాళ్ల పేరున పంచే ఉడికించిన గోధుమలు గిన్నెడు, పైన పంచదార.

“అమ్మ బాబోయ్!” అంది సవ్కా. గిన్నె మాత్రం వదల్లేదు. “నువ్వు తలుపు తీస్తావేమిటి?”

“మా ఇల్లు. నేను తియ్యక ఎవరు తీస్తారు?”

“మా మేనల్లుడు జర్మనీలో తను పనిచేసే ఓడ మీంచి ఫోన్ చేశాడు, నువ్వు పోయావని! కంప్యూటర్లో వేశారట, ఫొటోతో సహా! వాడు ఓడ మీద ఏడుస్తున్నాడు!”

“ఎవరు వేశారు?”

“నాకేం తెలుసు? పోయినవాడివి నువ్వు, నీకే తెలియాలి!”

నేను వెనకనుంచి చూస్తున్నాను. నన్ను చూసి ఆవిడకు ఒళ్లు మండింది. “నువ్వా రాఫో! ఇది నీ పనే అయ్యుంటుంది. తెల్లవారకముందే లేచి గోధుమలు ఉడకేశాను, మోకాళ్లు పట్టేశాయి. ఇప్పుడు ఇది ఎవరి పేరు చెప్పి పంచను?”

దోబ్రిన్ గేటు మీద మింకా కాగితాన్ని ఒకసారి చూశాడు. “మింకా పేరు చెప్పి పెట్టు వదినా,” అన్నాడు. “తనకి గోధుమలంటే ఇష్టం.”

ముగ్గురం వంటింట్లో కూర్చుని మింకా ఆత్మశాంతి కోరుతూ తిన్నాం. పంచదార కాస్త ఎక్కువైంది. ఆ మాట నేను అనలేదు, అనుంటే ఆ రోజు నిజంగానే ఒక శవం లేచేది.

సవ్కా వెళ్లాక దోబ్రిన్ కంప్యూటర్ తెరిచాడు. పేజీని దూరంగా నిలబడి చూశాడు. దగ్గరికొచ్చి చూశాడు. మళ్లీ గేటు దాకా వెళ్లి మింకా కాగితం చూసొచ్చాడు. కుర్చీలో కూలబడ్డాడు. నేను కాఫీ పెట్టింది అప్పుడే.

పెట్టె నిండా సందేశాలు. ఏళ్లుగా ఒక్క ముక్క రాయనివాళ్లంతా రాశారు. లింజ్ నుంచి ఒక వంటమనిషి రాశాడు: “మా నాన్న పనిచేసిన ఓడ ఇంకెక్కడా లేదు, మీ పేజీలోనే ఉంది. ఏటా ఆయన పుట్టినరోజున చూసుకుంటాను. దేవుడు మీకు శాంతినివ్వాలి.” ఇజ్మాయిల్ నుంచి ఒక కెప్టెను రాశాడు: “ఆ మలుపులో బాల్కనీ మీద ఎవరో నిలబడి ఉంటారని మా కుర్రాళ్లకు చెప్పి, మొహం కడుక్కోమనేవాణ్ణి.”

“ఎలా ఉందో చెప్పమన్నాను కదా,” అన్నాడు దోబ్రిన్. “ఎవడైనా పేజీ గురించి రాశాడా?”

వెతికాను. “ఒకడు రాశాడు. ‘చాలా హుందాగా ఉంది. ఇంట్లోవాళ్లకు నా సానుభూతి.’”

“ఇంట్లోవాళ్లెవరు? నువ్వా?”

“నేనే కాబోలు. థాంక్స్ చెప్పమంటావా?”

వాడు నవ్వలేదు.

“సరే, రాసెయ్యి,” అన్నాను. “బతికే ఉన్నానని ఒక్క ముక్క పెట్టు. ఆ మేనల్లుడు ఓడ మీద ఏడుస్తున్నాడట.”

“ఉండు.”

“దేనికి?”

“ఇంకా ఒకరు రాయలేదు.”

అప్పుడర్థమైంది. రెండేళ్లుగా ఆవిడ ఎందుకు మానేసిందో వాడికి తెలీదు. కోపమా, విసుగా, లేక అవతలి ఒడ్డున నిజంగానే ఏదైనా అయిందా. బతికున్నవాడికి జవాబు రాయకపోవచ్చు. చచ్చినవాడికైతే ఒక్క మాటైనా రాస్తారు కదా. ఇప్పుడు కూడా రాయలేదంటే అక్కడ చూసేవాళ్లే లేరన్నమాట. పొరపాటున చచ్చిపోయినవాడు, ఆ ఒక్క మాట కోసం కావాలనే చచ్చి ఉన్నాడు.

సవ్కా చేత మేనల్లుడికి మాత్రం ఫోన్ చేయించాం, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించి. వాడు చెప్పలేదు. ఆ కుటుంబంలో మాట నిలబెట్టుకున్న మొదటివాడు వాడే. దోబ్రిన్ బాల్కనీ తలుపు మూసేశాడు. ఓడ కూత వినబడితే కెమెరా మీద చెయ్యి పడేది, మళ్లీ తీసేసేవాడు. చచ్చినవాడు ఫొటోలు ఎలా పెడతాడు? రొట్టె, పెరుగు నేనే తెచ్చేవాణ్ణి. కొట్టువాడు, “ఏం రాఫో, ఈమధ్య ఆకలి పెరిగిందే!” అంటే, దుఃఖంలో ఉన్నాను, అందుకే తింటున్నాను అన్నాను.

కొద్దిరోజులకే సందేశాలు పలచబడ్డాయి. తరవాత ఆగిపోయాయి. నది మీద మంచు తెప్పలు వెళ్లిపోయాయి. కంప్యూటర్ తెర ముందు వాడు, వాడి ఎదురుగా నల్ల అంచులో వాడి మొహం. ఒకరినొకరు చూసుకుంటూ కూర్చునేవారు. లోపలికెళ్లే ముందు గుమ్మంలో కాళ్లు గట్టిగా తుడుచుకునేవాణ్ణి, అది అలవాటు లేని పని, ఏదో ఒక చప్పుడు చెయ్యాలని.

ఒక రోజు అన్నాడు: “రాసెయ్ రాఫో. బతికే ఉన్నాడని రాసెయ్. లేకపోతే మానెయ్. రెంటికీ తేడా ఏముంది? పెరుగు తెచ్చేవాడివి నువ్వు, గోధుమలు తెచ్చేది సవ్కా. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.”

తెచ్చిన రొట్టె బల్ల మీద పెట్టి, వెళ్లేటప్పుడు కూడా గుమ్మంలో కాళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది. ఇల్లంతా చలి. దోబ్రిన్ కంప్యూటర్ ముందు కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు.

“చదువు,” అన్నాడు. “గట్టిగా చదువు. నేను తప్పు చదివానేమో చూడు.”

చదివాను.

“దోబ్రిన్ గారికి. ఎలా ఉందో చెప్పమన్నారు, చెబుతున్నాను, కోపం తెచ్చుకోవద్దు. ఫొటో ఏమీ బాగోలేదు. పళ్ల డాక్టరు దగ్గర మీ వంతు కోసం కూర్చున్నట్టున్నారు. ఆ నల్ల అంచు దేనికో నాకు బోధపడలేదు, మిఠాయి పెట్టెకి పట్టీ వేసినట్టుంది. కానీ అక్షరాలు! మీ చేతులు చల్లగా ఉండాలి. నాకు రెండు కళ్లకీ పొరలు వచ్చాయి. మీ పాత పేజీలో నీలం మీద నీలం. నాకు ఉత్త నీళ్లే కనిపించేవి. మీరేదో రాశారని తెలుస్తోంది, ఏం రాశారో తెలీదు. చదవకుండా జవాబేం రాస్తాను? ఇంట్లో చదివిపెట్టేవాళ్లు లేరు. బయటివాళ్లను అడగాలంటే సిగ్గేసింది. అప్పుడప్పుడు తెరిచి ఆ నీళ్లే చూసి మూసేసేదాన్ని. ఇవాళ తెరిస్తే తెలుపు మీద నలుపు. ముక్కు ఆనించి, కిందిదాకా, పాత ఓడల దాకా వెళ్లి అన్నీ చదివాను. ఒంట్లో బాగుందా అని అడిగారు కదా. బాగోలేదు. మంచు కరిగిందన్నారు. ఆ సంగతి నాకూ తెలిసింది, చప్పుడైంది. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నా చెంప ఎక్కడ పెట్టారు?”

ఆవిడకు ఆ అంచు ఏమిటో తెలీలేదు. అవతలి ఒడ్డున తలుపులకీ స్తంభాలకీ ఇలాంటి కాగితాలు అంటించరు. నది పొడుగునా అందరూ చావు చూసిన చోట, ఆవిడ ఒక్కతే పేజీని పేజీగా చూసింది. సరిగ్గా కళ్లు కనిపించనావిడ!

“తప్పు చదవలేదు,” అన్నాను.

దోబ్రిన్ కిటికీ వైపు తిరిగాడు. “రెండేళ్లు,” అన్నాడు. “నాకు రంగుల సంగతి తెలీకపోవడం వల్ల.”

ఆ సాయంత్రమే రెండో చట్రం మళ్లీ పెట్టాడు, అన్ని ఓడలకీ. పాత చెంపలన్నీ తిరిగొచ్చాయి. బతికే ఉన్నానని ఒక లైను రాశాడు కానీ నల్ల అంచు తియ్యలేదు, అక్షరాలు ముట్టుకోలేదు. ఆవిడకు కనిపిస్తోంది కదా, ఎందుకు కదపడం అన్నాడు. అందుకే ఇప్పటికీ నెలకొకరైనా సానుభూతి రాస్తుంటారు. జవాబివ్వడు.

ఆవిడ మళ్లీ ఫొటోలు పంపుతోంది. గురి చూడలేదు, ఓడ చప్పుడు విని నొక్కుతుంది. మొదటిది వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. ముప్పాతిక ఆకాశం, కింద నీళ్లు, ఒక మూల ఓడ వెనకభాగం కొంచెం, జెండాలో సగం.

“ఇది పెడతావా? ఏముందిరా ఇందులో?”

“అది ఆవిడ చెంప,” అని పెట్టాడు.

ఇప్పుడు మా మలుపు దగ్గరకొచ్చాక కొన్ని ఓడలు రొమేనియా వైపు ఒక కూత వేస్తాయి, ఆవిడ కెమెరా ఎత్తడానికి. సవ్కా మేనల్లుడు కెప్టెన్లందరికీ చెప్పాడు. ఇది నేను కల్పించింది కాదు. కల్పించినా కొంచెమే. మేనల్లుడి ఓడ ఒక్కటైనా వేస్తుంది. కూత నీళ్ల మీదుగా అవతలికి పోతుంది, దోబ్రిన్ బాల్కనీలో నిలబడి తన వైపు ఫొటో తీసుకుంటాడు. ఫెర్రీ ఇంకా ఎక్కలేదు. ఆవిడా ఎక్కలేదు. కూత ఆగిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడతాడు. అప్పుడు నేను పిలవను.

ఇదంతా రాసి నిన్న వాడికి చదివి వినిపించాను. పాచికలు గుప్పిట్లో పట్టుకుని, మధ్యలో అడ్డు రాకుండా, చివరిదాకా విన్నాడు.

“ఇందులో ఒక్క మాట నిజం లేదు,” అన్నాడు. “నేను ఎప్పుడూ చావలేదు. ఏ పేజీకీ నల్ల అంచు పెట్టలేదు. సవ్కా నాకు గోధుమలు తేలేదు. అవతలి ఒడ్డున నాకు తెలిసినవాళ్లు ఎవ్వరూ లేరు.” అంతలో అవతలి ఒడ్డు వైపు ఒక ఓడ కూత వేసింది, వాడు పాచికలు నా చేతిలో పోసి కెమెరాతో బాల్కనీకి పరిగెత్తాడు.